పరుగెత్తితే ఫౌల్: నడక ఫుట్‌బాల్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక వింత ఆట గురించి మాట్లాడుకుందాం. వింత అని ఎందుకంటున్నానంటే, ఈ ఆటలో పరుగెత్తితే ఫౌల్. రెఫరీ విజిల్ ఊదుతాడు, బంతి అవతలి జట్టుకి ఇచ్చేస్తాడు. దీని పేరు వాకింగ్ ఫుట్‌బాల్. మనం నడక ఫుట్‌బాల్ అనుకుందాం. యాభై దాటినవాళ్ల కోసం పుట్టిన ఆట. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. పరవాలేదు, నవ్వుకోండి. ఆ నవ్వు సంగతి కూడా ఈ కథలో వస్తుంది.

ముందు మా మేనమామ గురించి కొంచెం చెప్పాలి. ఆయనకి డెబ్బై దాటాయి. కుర్రతనంలో సికింద్రాబాద్‌లో లీగ్ మ్యాచ్‌లు ఆడేవాడు, లెఫ్ట్ అవుట్. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇంటి దగ్గరున్న గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు నడిచి, సిమెంటు బెంచీ మీద కూర్చుని పిల్లల ఆట చూస్తాడు. ఒకరోజు నేనూ పక్కనే ఉన్నాను. బంతి దొర్లుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది. మామ లేచాడు. అరికాలితో బంతిని ఆపాడు. ఒకసారి తలెత్తి చూసి, ఎడమ కాలితో తోశాడు. అది ముగ్గురు పిల్లల మధ్య నుంచి పోయి, ఖాళీగా నిలబడ్డ నాలుగోవాడి కాళ్ల ముందు ఆగింది. "సూపర్ అంకుల్!" అని అరిచారు పిల్లలు. మామ మళ్లీ కూర్చున్నాడు.

"నువ్వూ ఆడొచ్చు కదా మామా" అన్నాను.

"పాదం చెప్పినట్టు వింటది రా. మోకాలే వినదు" అన్నాడు.

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఆయనకి ఆట తెలుసు. ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో చూసే కన్ను ఉంది, పాస్ ఉంది. పోయింది పరుగొక్కటే. ఆ ఒక్కటి పోయినందుకు మొత్తం ఆట నుంచి బయటికి వచ్చేశాడు. మరి ఆటలోంచే పరుగు తీసేస్తే? ఈ ప్రశ్నకి ఇంగ్లండ్‌లో ఒక మామూలు పట్టణం జవాబు చెప్పింది. అక్కడికి వెళ్దాం.

ఆ పట్టణం పేరు చెస్టర్‌ఫీల్డ్. ఇంగ్లండ్ నడిబొడ్డున డెర్బీషైర్ అనే కౌంటీలో ఉంటుంది. ఆ ఊరికి గుర్తు ఒక చర్చి గోపురం. సెయింట్ మేరీ చర్చి మీద ఉన్న ఆ గోపురం నిటారుగా ఉండదు, మెలి తిరిగి ఒక పక్కకి వాలి ఉంటుంది. వందల ఏళ్లుగా అలాగే నిలబడి ఉంది. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుని కూడా ఆ గోపురం పేరుతోనే 'స్పైరైట్స్' అంటారు. రైలు ఇంజన్ల పితామహుడని పేరున్న జార్జ్ స్టీఫెన్‌సన్ 1848లో చనిపోయింది ఈ ఊళ్లోనే. చుట్టూ బొగ్గు గనులు ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం చివరికి ఆ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

గని మూతపడితే జీతం పోతుందని మనకి తెలుసు. దాంతో పాటు ఇంకోటి కూడా పోతుంది. గనిలో పనిచేసేవాడికి స్నేహితులు పనిలోనే ఉంటారు. రోజూ కలిసి లోపలికి దిగుతారు, కలిసి పైకి వస్తారు. పని ఆగితే ఆ కలయిక కూడా ఆగుతుంది. ఆ తరం మగవాళ్లు "నాకు తోచడం లేదు, ఒక్కణ్ణే అయిపోయాను" అని ఎవరి దగ్గరికీ వెళ్లి చెప్పుకునేవాళ్లు కాదు. మన దగ్గర మాత్రం చెప్పుకుంటారా? సింగరేణిలోనో, రైల్వేలోనో, ఆర్టీసీలోనో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషిని అడగండి. "బానే ఉన్నా" అంటాడు. అంతకు మించి ఒక్క మాట రాదు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులకి ఊరితో గట్టి సంబంధం ఉంటుంది. 1980ల నుంచి క్లబ్బులు మ్యాచ్‌లు ఆడించడంతో ఆగకుండా, ఊరి జనం కోసం కూడా పనులు చేయడం మొదలుపెట్టాయి. బడి పిల్లలకి శిక్షణ, పేటల్లో ఆటలు, ఆరోగ్య కార్యక్రమాలు లాంటివి. వీటి కోసం విడిగా ట్రస్టులు ఏర్పడ్డాయి. చెస్టర్‌ఫీల్డ్ క్లబ్బు 2010లో తన పాత మైదానం సాల్టర్‌గేట్‌ని వదిలి కొత్త స్టేడియానికి మారింది. ఆ మరుసటి ఏడాది, 2011లో, క్లబ్బు ట్రస్టుని నడిపిస్తున్న జాన్ క్రూట్ యాభై దాటినవాళ్ల కోసం ఒక ఆలోచన చేశాడు. ఫుట్‌బాల్ ఆడిద్దాం, కానీ నడుస్తూ. నడక ఫుట్‌బాల్‌ని ఈ రూపంలో మొదలుపెట్టినవాడిగా ఇవాళ ఆయన పేరే చెబుతారు.

నిజం చెప్పాలంటే నడుస్తూ ఫుట్‌బాల్ ఆడటం అదే మొదటిసారి కాదు. 1930ల్లోనే, క్రూ, డెర్బీ పట్టణాల్లో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు నడక మ్యాచ్ ఆడారు. రెండూ రైల్వే వర్క్‌షాపుల ఊళ్లే. అంటే ఊహ పాతదే. మరి అప్పుడు ఎందుకు పాతుకోలేదు? నాకు అనిపించేది ఇది. అప్పుడు అది ఒక సరదా, ఒక వేడుక. ఏటా వచ్చే రైల్వే వార్షికోత్సవంలో ముసలివాళ్ల గోనెసంచి పందెం లాంటిది అనుకోండి. చూసి నవ్వుకుని ఇళ్లకి పోయారు. చెస్టర్‌ఫీల్డ్‌లో జరిగింది వేరు. వారం వారం, అదే రోజు, అదే సమయానికి, అదే చోట గేటు తెరిచి ఉంచారు. ఊహకి క్యాలెండర్ దొరికింది. చరిత్రలో చాలా సంగతులు ఇలాగే ఉంటాయి. ఆలోచన ఎవరికైనా వస్తుంది. దాన్ని మంగళవారం పొద్దున పదింటికి పెట్టి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చినవాడి వల్లే అది నిలబడుతుంది.

సరే, పరుగే ఎందుకు తీసేశారు? దీనికి శరీరం వైపు నుంచి ఒక జవాబు, ఆట వైపు నుంచి ఇంకో జవాబు ఉన్నాయి.

శరీరం సంగతి మొదట. నడిచేటప్పుడు ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాల్లో ఉండే క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణం తర్వాత మొత్తం బరువు ఒక కాలి మీద పడుతుంది. నడకలో కాలి మీద పడే బరువు మన ఒంటి బరువు కంటే కొంచెం ఎక్కువ. పరుగులో అది రెండు మూడు రెట్లు అవుతుంది. డెబ్బై ఏళ్ల మోకాలికి ఆ తేడా బాగా తెలుస్తుంది. నా మేనమామ చెప్పింది అదే.

ఇక ఆట వైపు జవాబు నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. పరుగు ఉంటే యాభై రెండేళ్లవాడు, డెబ్బై ఎనిమిదేళ్లవాడు ఒకే మైదానంలో ఆడలేరు. పరుగు తీసేస్తే ఆడగలరు. వేగం ఉన్నవాడికి ఉండే లాభం చాలావరకు పోతుంది. మిగిలేది చూపు, పాస్, ఎక్కడ నిలబడాలో తెలియడం. ఇవి వయసుతో అంత తొందరగా పోవు.

"పరుగు తీసేస్తే అది ఫుట్‌బాల్ ఎలా అవుతుంది?" అని మీరు అడగొచ్చు. ఇక్కడే మనం చరిత్రలోకి ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

చెస్టర్‌ఫీల్డ్‌కి ఉత్తరాన కాస్త దూరంలోనే షెఫీల్డ్ నగరం ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అన్నిటికంటే పాతది, షెఫీల్డ్ క్లబ్బు, 1857లో అక్కడే మొదలైంది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే ఒక్క ఆట కాదు. ఒక్కో స్కూలుకి, ఒక్కో ఊరికి ఒక్కో నిబంధన. ఒకచోట బంతిని చేతుల్లో పట్టుకుని పోవచ్చు, ఇంకోచోట కూడదు. కొన్నిచోట్ల ఎదుటివాడి మోకాలి కింద ఎముక మీద బూటుతో తన్నడం కూడా నిబంధనే! దాన్ని హ్యాకింగ్ అనేవాళ్లు.

1863 చివరి నెలల్లో లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని అందరికీ ఒకే నిబంధనలు రాయడానికి ప్రయత్నించారు. ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది అక్కడే. పెద్ద గొడవ దేని మీద వచ్చిందో తెలుసా? బంతిని పట్టుకుని పరుగెత్తడం, కాళ్ల మీద తన్నడం. ఈ రెండూ తీసేద్దామని ఎక్కువమంది అన్నారు. తీసేస్తే ఆటలో మగతనం పోతుందని బ్లాక్‌హీత్ క్లబ్బు వాళ్లు వాదించారు. మాట నెగ్గకపోయేసరికి బయటికి వెళ్లిపోయారు. తర్వాత 1871లో రగ్బీ సంఘం ఏర్పడినప్పుడు అందులో బ్లాక్‌హీత్ కూడా ఉంది. తమాషా ఏంటంటే, ఆ రగ్బీ సంఘం రాసిన మొదటి నిబంధనల్లో హ్యాకింగ్‌ని నిషేధించారు. దేనికోసం పోట్లాడి వెళ్లిపోయారో, ఎనిమిదేళ్ల తర్వాత దాన్నే తీసేశారు.

ఆటలో ఏదైనా తీసేసిన ప్రతిసారీ "ఇది ఆటేనా?" అన్నవాళ్లు ఉన్నారు. చేతులు తీసేశారు, తన్నడం తీసేశారు. తీసేసిన ప్రతిసారీ ఇంకొంతమంది లోపలికి రాగలిగారు. కాళ్లు విరిగే భయం లేకపోతే, సోమవారం పనికి పోవాల్సిన గుమాస్తా కూడా శనివారం ఆడగలడు. నడక ఫుట్‌బాల్‌ని నేను ఈ వరసలోనే చూస్తాను.

ఒక నిబంధన తీసేస్తే ఆటలో దాగి ఉన్న ఇంకో నైపుణ్యం పైకి వస్తుంది. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఇంగ్లండ్‌లో లేదు, మన హైదరాబాద్‌లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు, అందరూ రహీం సాబ్ అనేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విజయాల గురించి మీలో చాలామందికి తెలుసు. ఆయన వాడిన పద్ధతి గురించి తక్కువ మాట్లాడుకుంటాం. రహీం సాబ్ హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టించాడు. బంతి రాగానే పాస్ చేయాలి, దాన్ని కాళ్ల దగ్గర ఆడించుకుంటూ పోకూడదు. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు కూడా పెట్టించాడు. ఒక్కటి నిషేధిస్తే ఆటగాడు రెండోదాన్ని నేర్చుకోక తప్పదు. ఆయన సూత్రం అంతే.

నడక ఫుట్‌బాల్ చూస్తే నాకు రహీం సాబ్ గుర్తొస్తాడు. పరుగెత్తి బంతిని అందుకోలేవు కాబట్టి, బంతి నీ దగ్గరికే రావాలి. అంటే పాస్ సరిగ్గా ఉండాలి. పాస్ చేసి ఊరికే నిలబడితే కుదరదు, ఖాళీ చోటు చూసుకుని మెల్లగా జరగాలి. ఆయన ఉద్దేశం కుర్రాళ్లని చాంపియన్లని చేయడం, చెస్టర్‌ఫీల్డ్ వాళ్లది పెద్దవాళ్లని ఇంట్లోంచి బయటికి తీసుకురావడం. గమ్యాలు వేరు, ఉపాయం ఒకటే.

ఇప్పుడు ఆట ఎలా ఉంటుందో చూద్దాం. మైదానం చిన్నది. ఒక్కో జట్టులో ఐదారుగురు, కొన్నిచోట్ల ఏడుగురు. ఒంటికి ఒళ్లు తగిలేలా మీద పడటం, నేల మీద జారి బంతి లాక్కోవడం ఉండవు. బంతిని తలకంటే ఎత్తు లేపనివ్వరు. కాబట్టి తలతో కొట్టే పని లేదు, పైకి చూస్తూ ఒకరినొకరు గుద్దుకోవడమూ లేదు. ఆటగాళ్లని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అలిసినవాడు బయట కూర్చుని, ఊపిరి తీసుకుని మళ్లీ రావచ్చు. తొంభై నిమిషాలు ఉండవు, పది పదిహేను నిమిషాల చొప్పున చిన్న ఆటలు.

కష్టమంతా రెఫరీకే. నడక ఎక్కడ ఆగి పరుగు ఎక్కడ మొదలవుతుంది? ఒలింపిక్స్‌లో నడక పందెం చూసి ఉంటారు. అక్కడ రెండు షరతులు. ఒక పాదం ఎప్పుడూ నేలకి తాకి ఉన్నట్టు కనబడాలి, ముందుకు వేసిన కాలు నేలని తాకినప్పటి నుంచి మోకాలి దగ్గర నిటారుగా ఉండాలి. నడక ఫుట్‌బాల్‌లో మొదటి షరతు చాలు. కానీ పందెంలో నడిచేవాడి ధ్యాస నడక మీదే ఉంటుంది. ఇక్కడ ధ్యాస బంతి మీద ఉంటుంది. నలభై ఏళ్లు ఆడిన మనిషికి గోల్ ముందు బంతి దొర్లుతూ కనబడితే, బుర్ర "నడు" అనేలోపే కాళ్లు ఉరుకుతాయి. విజిల్. మళ్లీ విజిల్. పదే పదే పరుగెత్తేవాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టే నిబంధన అందుకే పెట్టారు. అరవై ఐదేళ్ల పెద్దమనిషిని "ఉరికావు, పో, కూర్చో" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గొడవలు బాగానే అవుతాయి. గొడవ పడేంత పట్టుదల ఉందంటే అది వ్యాయామం స్థాయి దాటి ఆట అయిందన్నమాట.

2011 తర్వాత మూడేళ్ల దాకా ఇది తెలిసినవాళ్లకే తెలుసు. 2014లో బార్‌క్లేస్ బ్యాంక్ తన టీవీ ప్రకటనలో ఒక నడక ఫుట్‌బాల్ జట్టుని చూపించింది. దాంతో దేశమంతా తెలిసింది. ఊరూరా క్లబ్బులు పుట్టాయి. తర్వాత ఫుట్‌బాల్ అసోసియేషన్ కూడా దీనికి నిబంధనలు రాసింది. 1863లో పుట్టిన సంస్థ, నూటయాభై ఏళ్లు దాటాక, పరుగు లేని ఫుట్‌బాల్‌కి నిబంధనలు రాసిందన్నమాట. ఇతర దేశాలకీ పాకింది. నెదర్లాండ్స్‌లో వృద్ధుల సంక్షేమ నిధి సంస్థ దీన్ని 'ఓల్డ్ స్టార్స్' పేరుతో క్లబ్బుల్లోకి తీసుకెళ్లింది. 2018లో ఇంగ్లండ్, ఇటలీ జట్లు ఆడాయి. 2023లో ఇంగ్లండ్‌లోని సెయింట్ జార్జెస్ పార్క్‌లో దేశాల మధ్య ప్రపంచ కప్ కూడా జరిగింది.

ఇక్కడ నాకు కొంచెం అనుమానం ఉంది, అది కూడా చెప్పాలి. పోటీలు పెరిగితే గెలవాలనే తపన పెరుగుతుంది. యాభై రెండేళ్ల గట్టి మనిషి, చట్టానికి నడకే అయినా, దాదాపు ఉరికినంత వేగంగా పోగలడు. అప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లవాడు మళ్లీ బెంచీ మీదకే వెళ్తాడు. ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్లే బయటపడతారు. అందుకే యాభై పైబడినవాళ్లు, అరవై పైబడినవాళ్లు, డెబ్బై పైబడినవాళ్లు అని విడగొట్టారు. అది పోటీలకి సరిపోతుంది. వారం వారం జరిగే ఆటకి మాత్రం నిర్వాహకుడి కన్నే ఆధారం. ఎవరికి బంతి అందడం లేదో చూసి, జట్లు మార్చేవాడు కావాలి.

ఇంకో వర్గం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఆడవాళ్లు. 1920 క్రిస్మస్ మరుసటి రోజు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ జట్టు ఆడితే సుమారు 53,000 మంది చూడటానికి వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్‌లో, ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకి తగదని చెప్పి, తన క్లబ్బుల మైదానాలు వాళ్లకి ఇవ్వకూడదని తీర్మానించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు, 1970ల మొదటిదాకా ఉంది.

ఇప్పుడు లెక్క వేయండి. 1950లో పుట్టిన అమ్మాయి ఇరవై ఏళ్లది అయ్యేదాకా ఆ నిషేధం కిందే పెరిగింది. అన్నదమ్ములు ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూసింది. నడక ఫుట్‌బాల్ వచ్చేసరికి ఆమెకి అరవై దాటాయి. మా మామ లాంటివాళ్లకి ఈ ఆట పోయినదాన్ని తిరిగి ఇస్తుంది. ఆమెకి మాత్రం అసలు ఎప్పుడూ దొరకనిదాన్ని మొదటిసారి ఇస్తుంది. అరవై ఏళ్లు దాటాక జీవితంలో మొదటి గోల్! నడక ఫుట్‌బాల్ ఎంత విలువైనదో నాకు నిజంగా అర్థమైంది ఇక్కడే.

ఆరోగ్యానికి మంచిదా అంటే, మంచిదే. అరవై ఐదు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని, పడిపోకుండా ఉండేందుకు వారంలో మూడు రోజులైనా ఒంటి నిలకడని పెంచే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బంతితో ఆగడం, తిరగడం, ఒంటికాలి మీద నిలబడి తోయడం, ఇవన్నీ ఆ కోవలోవే. కానీ ఆరోగ్యం కోసం అయితే పార్కులో నడవొచ్చు కదా? మన వాకర్స్ క్లబ్బులు చేసేది అదే, వాళ్లకి నమస్కారం. తేడా ఒక్కచోట ఉంది. పార్కులో మీరు ఒకరోజు రాకపోతే నడక ఆగదు. ఆటలో మీరు రాకపోతే జట్టులో ఒకడు తక్కువవుతాడు. "ఏమైంది, రాలేదేం?" అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ కోసమే చాలామంది వస్తారు, పైకి చెప్పకపోయినా.

బ్రిటన్ ప్రభుత్వం 2018లో ఒంటరితనం సమస్యని ఒక మంత్రికి అప్పగించింది. ఆ మంత్రి ట్రేసీ క్రౌచ్. అప్పటికే ఆమె చూస్తున్న శాఖల్లో ఒకటి క్రీడలు. ఆటనీ ఒంటరితనాన్నీ ఒకే బల్ల మీద పెట్టడం నాకు సరైన పనే అనిపిస్తుంది. నడక ఫుట్‌బాల్‌లో ఆట అయ్యాక టీ ఉంటుంది. నిర్వాహకులు దాన్ని కార్యక్రమంలో భాగంగానే చూస్తారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీ బాధ చెప్పు" అంటే చెప్పని మనిషి, పక్కపక్కన నిలబడి "ఆ పాస్ నాకివ్వాల్సింది" అని తిట్టుకుంటూ, మధ్యలో "మొన్న డాక్టర్ ఏదో టెస్టు రాశాడు" అని అనేస్తాడు.

ఇది మన దగ్గర పెట్టాలంటే ఏం కావాలి? ముందు గ్రౌండ్‌లో ఒక గంట. ఇంగ్లండ్‌లో నిర్వాహకులకి ఒక సౌకర్యం ఉంది. ఉద్యోగస్తులు పనిలో ఉండే పగటివేళ మైదానాలు ఖాళీగా ఉంటాయి, రిటైరైనవాళ్లకి తీరికా అప్పుడే. మన ఎండలకి పగలు కుదరదు. కాబట్టి తెల్లవారుజామున క్రికెట్ కుర్రాళ్లతో మాట్లాడుకుని ఒక మూల అడగాలి. లేదా అద్దెకిచ్చే టర్ఫ్ గ్రౌండ్‌లో వారం మధ్యలో ఒక పొద్దున్న తీసుకోవాలి. తర్వాత, ప్రతివాళ్ల దగ్గరా ఒక కాగితం నింపించుకోవాలి: గుండె జబ్బు, బీపీ, షుగర్, వాడే మందులు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్. ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లని, ఆపరేషన్ అయినవాళ్లని డాక్టర్ని అడిగే రమ్మనాలి. మొదటి పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, అంబులెన్స్ లోపలికి వచ్చే దారి చూసుకోవాలి. విజిల్ పట్టుకునే మనిషి కావాలి, పరుగు విషయంలో మొహమాటం లేనివాడు. ఆఖరున టీ.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి మాత్రం నేను మొదట్లో చెప్పిన ఆ నవ్వు. చూసేవాళ్లు నవ్వుతారేమో అన్న భయం. 1863లో బ్లాక్‌హీత్ వాళ్లకి ఉన్నదీ దాదాపు అదే భయం. దానికి మందు నాకు తెలిసినంతవరకు ఒక్కటే. పదిమందిని పోగుచేయడం. ఒక్కడు నడుస్తూ బంతి ఆడితే పిచ్చివాడంటారు, పదిమంది ఆడితే జట్టు అంటారు.

ఈ ఎపిసోడ్ కోసం చదువుతున్నప్పుడు మా మామకి ఇదంతా చెప్పాను. నడక మ్యాచ్ వీడియో ఒకటి ఫోన్‌లో చూపించాను. మొదట నవ్వాడు. తర్వాత ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని, మొత్తం చూశాడు. మధ్యలో ఒకచోట "అరే, కుడి పక్క ఖాళీ ఉంది కదరా, అటియ్యాలె" అన్నాడు. అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"బాగుంది గానీ, ఉరికితే విజిల్ ఎవడు కొడతడు?" అని అడిగాడు.

నేను కొడతానన్నాను. "నీకు ఆఫ్‌సైడే తెల్వదు" అన్నాడు. నడక ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ లేదని చెప్పాను. అయితే సరే అన్నాడు. ఆ సాయంత్రమే తన పాత జట్టులో ఇంకా ఊళ్లో ఉన్నవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాశాడు. ఆరు పేర్లు వచ్చాయి. ఇద్దరి ఫోన్ నంబర్లు కలవలేదు, వాళ్ల ఇళ్లకి వెళ్లి అడగాలి. వచ్చే ఆదివారం మేమిద్దరం ఆ పని మీద వెళ్తున్నాం.

మీ ఊళ్లో కూడా గ్రౌండ్ పక్క బెంచీ మీద ఇలాంటివాళ్లు ఉంటారు. ఒకసారి బంతి వాళ్ల వైపు దొర్లనిచ్చి చూడండి. మళ్లీ కలుద్దాం. సెలవు.